నష్టాల కంపెనీ చిన్న కారు కొనవచ్చా? శ్రీకాకుళం, విజయనగరం వారికి ఒక పోలిక

2019 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ ఒక్క త్రైమాసికానికే 26,961 కోట్ల రూపాయల నష్టం ప్రకటించింది. అప్పటివరకు మన దేశంలో ఏ కంపెనీ కూడా మూడు నెలల్లో అంత నష్టం చూపలేదు. టెక్కలిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న మా మేనల్లుడు ఆ వారమే ఆ కంపెనీ చిన్న కారు టియాగో బుక్ చేయడానికి సిద్ధమై, పేపరు చూసి ఆగిపోయి, "మావయ్యా, రేపో మాపో మూసేసే కంపెనీ బండి కొనమంటావా?" అని ఫోన్ చేశాడు. ఆ ప్రశ్న ఈనాటికీ పాతబడలేదు. కంపెనీల పేర్లు మారుతున్నాయి కానీ, పదేళ్ల పొదుపు పెట్టి మొదటి కారు కొనే మనిషి భయం మాత్రం అలాగే ఉంది. అందుకే వాడికి ఆనాడు చెప్పినదానికి, తరువాత చూసి తెలుసుకున్నది కూడా చేర్చి ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ నష్టం సంగతి చూద్దాం. అందులో అధిక భాగం, 2008లో ఫోర్డ్ నుంచి కొన్న బ్రిటన్ ఖరీదైన కార్ల సంస్థ జాగ్వార్ ల్యాండ్ రోవర్ ఆస్తుల విలువను ఖాతా పుస్తకాల్లో తగ్గించి రాయడం వల్ల వచ్చినది. గుజరాత్‌లోని సనంద్‌లో టియాగో తయారయ్యే ఫ్యాక్టరీకి, ఆ అంకెకు నేరుగా సంబంధం లేదు. ఇక్కడి కార్ల వ్యాపారం కూడా అప్పట్లో లాభాల్లో లేదన్నది నిజమే అయినా, బండి కొనేవాడు చూడవలసిన నష్టం అది కాదు.

కొనేవాడికి ఎదురయ్యే ప్రమాదాలు మూడు, వాటిని విడివిడిగా చూడాలి. కంపెనీ నష్టాల్లో ఉండడం ఒకటి, కంపెనీ దేశం విడిచి వెళ్ళిపోవడం రెండోది, కంపెనీ ఉండగానే మనం కొన్న మోడల్ ఆగిపోవడం మూడోది. మొదటిదాని గురించి పేపర్లలో రోజూ వస్తుంది, కానీ మన జేబుకు అది నేరుగా తగిలేది చాలా తక్కువ. రెండోది విదేశీ కంపెనీలకే ఎక్కువగా వర్తిస్తుంది. జనరల్ మోటార్స్ 2017 చివరికి ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ విరమిస్తున్నట్టు ప్రకటించింది. నిస్సాన్ వారి డాట్సన్ పేరు 2022లో పోయింది. వీటిలో ఏదీ దివాలా తీసి వెళ్ళిపోలేదు, మన దగ్గర గిట్టుబాటు కాక వెళ్ళిపోయినవే. స్వదేశీ కంపెనీకి వెళ్ళిపోవడానికి మరో ఇల్లు లేదు, నష్టమైనా కష్టమైనా ఇక్కడే తేల్చుకోవాలి. నష్టాల్లో ఉన్న స్వదేశీ కంపెనీకి, బయట లాభాల్లో ఉండి ఇక్కడ అమ్మకాలు లేని విదేశీ కంపెనీకి మధ్య ఎంచుకోవలసి వస్తే నేను మొదటిదానివైపే మొగ్గుతాను.

అయితే స్వదేశీ అన్న మాట ఒక్కటే హామీ కాదు. అంబాసిడర్ తయారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ మన కంపెనీయే, 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడింది. అంతటితో రోడ్డు మీది అంబాసిడర్లు ఆగిపోలేదు. ఆ బండి నిర్మాణం సరళమైనది, దశాబ్దాలపాటు పెద్దగా మారనిది కావడంతో సామాను బయట కూడా తయారయ్యేది, ప్రతి షెడ్డులోనూ దాన్ని విప్పి బిగించగలవాడు ఉండేవాడు. టాటా నానో కథ మరో రకం. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చి, 2018లో తయారీ ఆగిపోయింది. కంపెనీ బతికే ఉంది, కానీ నానోలోని 624 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్ ఇండికాలోనూ లేదు, టియాగోలోనూ లేదు. ఫియట్ అయితే దేశం నుంచే పోయింది. అయినా పుంటో డీజిల్ ఉన్నవారు ఇంజిన్ కోసం ఏడవలేదు, ఎందుకంటే అదే 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజిన్ మారుతి స్విఫ్ట్, డిజైర్ డీజిల్ బళ్ళలోనూ, టాటా ఇండికా విస్టాలోనూ ఉండేది. వారు ఏడ్చింది బంపర్ కోసం, తలుపు కోసం, హెడ్‌లైటు కోసం.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కంపెనీ ఆరోగ్యం కంటే ముందు అడగవలసిన ప్రశ్న బయటపడుతుంది: ఈ ఇంజిన్, ఈ గేరుబాక్సు ఇంకా ఎన్ని రకాల బళ్ళలో ఉన్నాయి? టియాగోలోని 1199 సీసీ మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ కుటుంబమే టిగోర్, ఆల్ట్రోజ్, పంచ్ బళ్ళలోనూ ఉంది. టియాగో పేరు రేపు ఆగిపోయినా ఆ ఇంజిన్ సామాను తయారు చేయక తప్పదు. మా మేనల్లుడికి ఆ రోజు చెప్పిన మాటల్లో నేటికీ మార్చుకోనవసరం లేనిది ఇదొక్కటే.

ముందు పడేది ఫ్యాక్టరీ కాదు

హైదరాబాదులో ఉండేవారు రాసే సలహాల్లో ఒక సంగతి కనిపించదు. కంపెనీ కష్టాల్లో పడినప్పుడు ముందుగా కూలేది ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీ కాదు, మన ఊళ్ళోని డీలరు. అమ్మకాలు తగ్గితే పెద్ద నగరంలోని షోరూమ్ రెండేళ్లు ఓర్చుకుంటుంది, జిల్లా కేంద్రంలోని షోరూమ్‌కు రెండు త్రైమాసికాలు ఓర్చుకోవడమే కష్టం. బోర్డు తీసేస్తారు, సర్వీసు కొంతకాలం నడుస్తుంది, మంచి మెకానిక్కులు మరో కంపెనీకి వెళ్ళిపోతారు, చివరికి "వైజాగ్ తీసుకెళ్ళండి సార్" అనే మాట వినిపిస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం నూరు కిలోమీటర్లకు పైమాటే. పలాస వారికి, ఇచ్ఛాపురం వారికి అది ఇంకా దూరం. ఒక సెలవు రోజు, పెట్రోలు, టోలు, మధ్యాహ్న భోజనం, తిరిగి తెచ్చుకోవడానికి మరో ప్రయాణం కలిపి చూస్తే మూడు వేల రూపాయల సర్వీసు ఆరు వేలకు చేరుతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసినదే. ఇంతకుముందు నా దగ్గర ఉన్న చిన్న కారు కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఒక సాయంత్రం నరసన్నపేట దాటాక గేదె అడ్డం వచ్చి కుడివైపు హెడ్‌లైటు, దాని వెనక పట్టీ విరిగాయి. ఇంజిన్‌కు ఏమీ కాలేదు, బండి చక్కగా నడుస్తోంది, కానీ ఒంటి కన్నుతో రాత్రి పూట జాతీయ రహదారి ఎక్కలేము. అప్పటికే శ్రీకాకుళంలో ఆ కంపెనీ సర్వీసు లేదు. విశాఖలో ఆర్డరు పెట్టారు. లైటు పదిహేను రోజుల్లో వచ్చింది, పట్టీ రాలేదు. పట్టీ వచ్చేసరికి మరో నెల పట్టింది. ఆ నలభై అయిదు రోజులూ నేను సూర్యాస్తమయానికి ముందే ఇల్లు చేరాను. షెడ్డు నడిపే పెద్దాయన ఆ లైటును చేతిలో తిప్పి చూస్తూ, "సామాను దొరికితే గంట పని బాబూ, దొరకనేదంటే బండి ఇక్కడే ఉంతాది" అన్నాడు.

ఆ తరువాత నేను ఏ కారు గురించి ఎవరడిగినా ఒక పరీక్ష చేయమని చెబుతున్నాను. మీరు కొనదలచిన మోడల్‌కు కుడి హెడ్‌లైటు, ముందు బంపర్, లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చేయి), క్లచ్ సెట్టు, రేడియేటర్, ఈ ఐదింటి పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. అమ్మకాల కుర్రాడి దగ్గరకు కాదు, అదే భవనం వెనక ఉండే స్పేర్ పార్ట్స్ కౌంటరు దగ్గరకు వెళ్ళి ఒక్కొక్కదాని ధర ఎంత, ఇప్పుడు ఉందా, లేకపోతే ఎన్ని రోజులు అని అడగండి. మూడు చేతిలో ఉండి, మిగిలినవి వారంలోపు వస్తాయంటే నిశ్చింతగా ముందుకు వెళ్ళవచ్చు. ఐదింటికీ "ఆర్డరు పెట్టాలి" అంటే ఆ కంపెనీ లాభాల్లో ఉన్నా నాకు నమ్మకం కలగదు. తరువాత అదే కాగితంతో ఊళ్ళోని ప్రైవేటు విడిభాగాల దుకాణానికి వెళ్ళండి. అక్కడ కూడా లోయర్ ఆర్మ్, క్లచ్ సెట్టు దొరుకుతున్నాయంటే ఆ బండి మన ప్రాంతంలో వేళ్ళు దిగినట్టే. సాలూరు వైపు లారీలు నడిపే కుటుంబాల్లో ఈ విచారణ కొత్తది కాదు, ఛాసిస్ ధర కంటే ముందు సామాను ఎక్కడ దొరుకుతుందని అడగడం వారికి అలవాటు. మనమేమో కారు దగ్గరకు వచ్చేసరికి రంగు, టచ్ స్క్రీను అడుగుతాము.

మూడు బళ్ళు, మూడు లెక్కలు

ఇప్పుడు పోలికలోకి వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 1200 సీసీ లోపు, 4 మీటర్ల లోపు పొడవున్న పెట్రోలు కార్లపై పన్ను, సెస్సుతో కలిపి ఉన్న 29 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు సమయంలో షోరూమ్ ప్రారంభ ధరలు రెనో క్విడ్‌కు సుమారు 4.30 లక్షలు, టియాగోకు 4.57 లక్షలు, మారుతి వ్యాగనార్‌కు 4.99 లక్షలు. వీటి మీద లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషన్, బీమా పడతాయి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 నుంచి తప్పనిసరి కనుక, ఆన్‌రోడ్ ధర అడగకుండా షోరూమ్ ధరతో బేరం మొదలుపెట్టకండి. ప్రారంభ ధర మోడల్‌లో సౌకర్యాలు తక్కువ. మనవాళ్లు ఎక్కువగా కొనేది మధ్య రకం.

వ్యాగనార్‌ను ఎంచుకునేవారు నిజానికి కారుతో పాటు ఊరూరా ఉన్న మెకానిక్కులను కూడా కొంటున్నారు. పాలకొండలో ఆగినా, చీపురుపల్లిలో ఆగినా ఆ బండి బానెట్ ఎత్తడానికి భయపడే షెడ్డు ఉండదు. ఎత్తుగా కూర్చునే సీట్లు కావడంతో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఎక్కడం దిగడం సులభం. సామాను పెట్టుకునే డిక్కీ 341 లీటర్లు, టియాగోలో అది 242 లీటర్లే. అరసవల్లి దర్శనానికి వచ్చిన చుట్టాలను వారి సూట్‌కేసులతో సహా ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దింపాలంటే ఈ తేడా తెలుస్తుంది. తిరిగి అమ్మేటప్పుడు కూడా ఇంటి ముందుకే కొనేవాళ్లు వస్తారు. లోటు భద్రత విషయంలో ఉంది. కార్లను గుద్ది చూసి ఐదు నక్షత్రాలకు మార్కులిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023 పరీక్షల్లో దీనికి పెద్దల భద్రతలో ఒక్క నక్షత్రమే వచ్చింది. 2025లో అన్ని రకాల వ్యాగనార్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇవ్వడం మొదలుపెట్టారు, అది మంచి మార్పే, కానీ ఎయిర్‌బ్యాగు వేరు, బండి కట్టుబడి వేరు.

టియాగోకు 2020 జనవరిలో అదే సంస్థ పరీక్షల్లో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఒక జాగ్రత్త చెప్పాలి: 2022లో ఆ పరీక్షలు కఠినమయ్యాయి కనుక నాలుగుకీ ఒకటికీ మధ్య తేడాను అంకెల లెక్కన తీసుకోకూడదు. అయినా రెండు బళ్ళ తలుపులూ ఒకదాని వెంట ఒకటి వేసి చూసినవారికి, గంటకు తొంభై కిలోమీటర్ల వేగంలో పక్కనుంచి కంటైనర్ లారీ దూసుకుపోయినప్పుడు స్టీరింగ్ పట్టుకున్నవారికి టియాగో బరువు అర్థమవుతుంది. జాతీయ రహదారి మీద వారానికి రెండు మూడు సార్లు ప్రయాణించేవారికి ఇది చిన్న విషయం కాదు. లోట్లు కూడా లేకపోలేదు. మూడు సిలిండర్ల ఇంజిన్ కావడంతో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటులో సన్నని వణుకు తెలుస్తుంది. ఒక లీటరు వ్యాగనార్‌దీ మూడు సిలిండర్ల ఇంజినే కనుక దాన్ని ఇందులో మెచ్చుకోనక్కరలేదు, వ్యాగనార్‌లోనే ఉన్న 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ మాత్రం నిస్సందేహంగా మెత్తన. టియాగో వెనక సీటులో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, డెలివరీ తరువాత మొదటి ఏడాదిలో చిన్న చిన్న మొరాయింపుల కోసం షోరూమ్‌కు తిరగవలసిన ఓపిక ఉండాలి, ఈ మాట టాటా బళ్ళున్న చుట్టాల ఇళ్లలో నేను పదేపదే విన్నదే.

క్విడ్ గురించి క్లుప్తంగా చెబుతాను. 184 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్సు (బండి అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు) పల్లె దారులకు అక్కరకొస్తుంది, డిక్కీ 279 లీటర్లు, ధర తక్కువ. ఇంజిన్ ఒక లీటరుదే. రెనో 2025లో చెన్నై దగ్గర ఒరగడంలోని ఉమ్మడి ఫ్యాక్టరీలో నిస్సాన్ వాటాను కూడా కొనుక్కుంది, అంటే మూట కట్టుకుని వెళ్ళే ఉద్దేశం ఇప్పట్లో లేదనే అర్థం. అయినా మన రెండు జిల్లాల్లో ఐదు సామాన్ల పరీక్ష నెగ్గితేనే దీని జోలికి వెళ్ళమంటాను.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక మాట. షోరూమ్ వాళ్లు శ్రీకాకుళం సింహద్వారం కూడలి నుంచి ఓ రెండు కిలోమీటర్లు ఖాళీ బండిలో తిప్పి తీసుకొచ్చేస్తారు. ఆ రెండు కిలోమీటర్లలో ఏ బండైనా బాగానే ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఎక్కండి, వెనక పాతిక కిలోల బియ్యం బస్తా వేయండి, ఏసీ పెట్టి పల్లెలో పొట్టిగా, నిటారుగా కట్టిన స్పీడ్ బ్రేకర్ ఒకటి దాటించండి. గ్రౌండ్ క్లియరెన్సు టియాగోకు 170 మి.మీ., వ్యాగనార్‌కు 165 మి.మీ. అని కాగితంలో ఉన్నదంతా ఖాళీ బండి లెక్క. బస్తా పడ్డాక అడుగు గీసుకుంటుందో లేదో చెవే చెబుతుంది.

పాత బండి తీసుకుంటే

కంపెనీ వెళ్ళిపోయిన తరువాత ఆ కంపెనీ పాత కార్లు నేల ధరకు దొరుకుతాయి. ఫోర్డ్ ఫిగో అలాంటిదే. నడిపితే ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది, విడిభాగాలు, సర్వీసు కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. పని మీద తరచూ విశాఖ వెళ్ళేవారు, ఇంట్లో రెండో వాహనం ఉన్నవారు అలాంటిది కొనుక్కుంటే నేను తప్పు పట్టను. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్ళవలసిన ఉద్దానం కుటుంబాలకు మాత్రం వద్దంటాను. వారికి బండి ఆగడమంటే ఒక రోజు అసౌకర్యం కాదు.

నంబరు ప్లేటు చూడడం మరువకండి. 2019కి ముందు శ్రీకాకుళంలో రిజిస్టరైన బళ్ళకు ఏపీ 30, విజయనగరంవాటికి ఏపీ 35 ఉంటుంది. ఆ తరువాత రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 వరుస వచ్చింది కనుక కొత్త బండి ఏ ఊరిదో ప్లేటు చెప్పదు, ఆర్‌సీ చూడాలి. సరిహద్దు కావడంతో బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఒడిశా నంబరు బళ్ళు చౌకగా వస్తుంటాయి. వాటికి అక్కడి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టి, నంబరు మార్పించుకుంటే ఆ చౌకలో సగం కరిగిపోతుంది. కళింగపట్నం, బారువ వంటి సముద్రతీర గ్రామాల్లో తిరిగిన బండి అయితే తలుపు అంచుల కింద, స్పేర్ టైరు గుంటలో వేలు పెట్టి తుప్పు చూడండి.

ఎవరికి ఏది

ఇంట్లో ఒక్కటే బండి, డీలరు లేని మండలంలో కాపురం, పదేళ్లు వాడి అమ్మాలన్న ఆలోచన ఉన్నవారు వ్యాగనార్ తీసుకోవడమే మేలు. రహదారి ప్రయాణం ఎక్కువగా ఉండి, నివాసం శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల చుట్టుపక్కలే అయినవారికి నేను టియాగోనే సూచిస్తాను, కంపెనీ మీద పేపర్లో ఏం వచ్చినా సరే. ఎనిమిది పదేళ్లు వాడదలచినవారికి తిరిగి అమ్మేటప్పుడు వచ్చే నలభై యాభై వేల తేడా ఏడాదికి ఐదారు వేలే. మూడేళ్లకే బండి మార్చే అలవాటున్నవారికి మాత్రం అదే తేడా బరువవుతుంది, వారు మారుతిని దాటి వెళ్ళకపోవడమే మంచిది.

మా మేనల్లుడు ఆ వేసవిలోనే టియాగో పెట్రోలు కొన్నాడు. రెండుసార్లు వైపర్ మోటారుకు, ఒకసారి ఏసీకి షోరూమ్ చుట్టూ తిరిగాడు. సామాను కోసం మాత్రం మూడు రోజులకు మించి ఆగలేదు.

అమ్మకాలు మందగించిన డీలరు దగ్గర కొనేవారు డబ్బు విషయంలో మరికొంత మెలకువగా ఉండాలి. పెద్ద తగ్గింపు ఇస్తున్నారంటే బండి ఎంతకాలంగా యార్డులో ఎండకూ వానకూ ఉందో అడగండి. ఛాసిస్ నంబరును బట్టి తయారైన నెల, సంవత్సరం వారే చూపించాలి. ఎనిమిది నెలలు దాటితే బ్యాటరీ పరీక్షించి ఇవ్వమనండి, టైర్ల మీద ఉండే నాలుగంకెల వారం, సంవత్సరం గుర్తు మీరే చదవండి. అడ్వాన్సు సేల్స్ కుర్రాడి ఫోన్‌పేకు కాకుండా డీలరు ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. రుణం తీసుకుంటున్నట్లయితే, మీ పేరు మీద ఛాసిస్ నంబరుతో ఇన్వాయిస్ వచ్చేవరకు, ఆ నంబరును యార్డులో ఉన్న బండి మీద మీరు కళ్ళారా సరిచూసుకునేవరకు డీలరుకు సొమ్ము విడుదల చేయవద్దని బ్యాంకులో ముందే రాతపూర్వకంగా చెప్పి పెట్టండి.